ఆదివారాలు లెక్కపెట్టే లాయరు

లేబర్ కోర్టు లాయరు ఫైలు తెరిస్తే ముందు కనిపించేవి సెక్షన్లు కావు. మాసిపోయిన జీతం చీటీలు, పీఎఫ్ కాగితాలు, గేటు పాసులు. నోటీసు లేకుండా పని మాన్పించిన కార్మికుడు ఏడాదిలో 240 రోజులు పనిచేశాడని వాటితోనే రుజువు చేయాలి.

ఆ లెక్కలోకి ఆదివారాలు వస్తాయా? రావని ఒక విదేశీ బ్యాంకు వాదించింది. జీతమిచ్చే ఆదివారాలూ సెలవులూ కలపాల్సిందేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇంకో వింత. ఎదుటి పక్షం ఒప్పుకుని, ట్రిబ్యునల్ అనుమతిస్తేనే లాయరు వాదించాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం షరతు పెట్టింది. యూనియన్ నాయకుడికి ఆ అడ్డు లేదు. అందుకే ఈ లాయర్లకు యూనియన్ ఆఫీసు రెండో ఇల్లు.

లాయరుగా మొదలై యూనియన్ నాయకుడిగా మారినవారూ ఉన్నారు. వారిలో ఒకరైన వి.వి. గిరి ఐర్లాండులో లా చదివి, 1916లో తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. కోర్టుకెక్కడం కన్నా యజమానీ కార్మికులూ కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన నమ్మకం. లా చదివినవారి నోట ఈ మాట అరుదే!

ఉద్యోగం చేసేవారికి ఒక్క మాట: జీతం చీటీలు పారేయకండి.