శాతం చెప్పని లెక్క

ట్యాబ్ తెర పైమూలన బ్యాటరీ బొమ్మ పక్కన ఉండే సంఖ్యను అందరం కొలిచి చెప్పిన సంఖ్యగానే తీసుకుంటాం. 62 శాతం అని ఉంటే లోపల సరిగ్గా అంతే మిగిలిందనీ, కొన్న కొత్తలో చూసిన 62 శాతమూ మూడేళ్ల తర్వాత చూస్తున్న 62 శాతమూ ఒకటేననీ అనుకుంటాం. మన పొదుపంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. అంకె పడిపోతుంటే కంగారుపడి చేతికందిన సెట్టింగునల్లా ఆపేస్తాం, చార్జింగ్ ఎక్కగానే అన్నీ మరిచిపోతాం. ఇక్కడ నేను చెప్పదలచింది ఒక్కటే. ఆ శాతం కొలత కాదు, అంచనా. బ్యాటరీని నిజంగా కాపాడుకోవాలనుకునేవారు ఎంత మిగిలిందన్న అంకె మీద కన్నా, దేనికి ఎంత ఖర్చవుతోందన్న జాబితా మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. ఏ పొదుపు సెట్టింగు పనికొస్తుందో, ఏది పేరుకే పొదుపో అక్కడే తేలుతుంది.

అంచనా అని ఎందుకు అంటున్నానో చెప్పాలి. లిథియం అయాన్ బ్యాటరీలో ఎంత చార్జ్ ఉందో నేరుగా కొలిచే సాధనం ట్యాబ్‌లో లేదు. కొలవగలిగింది వోల్టేజీని. నిండుగా ఉన్నప్పుడు ఒక సెల్ వోల్టేజీ సుమారు 4.2 ఉంటుంది, కొన్ని కొత్త రకాల్లో ఇంకొంచెం ఎక్కువ. ఖాళీ అవుతున్నకొద్దీ అది 3 వోల్టుల వైపు దిగుతుంది. చిక్కంతా ఈ దిగుడు ఒకే తీరున ఉండకపోవడంలో ఉంది. మొదట్లో కొంత తగ్గి, మధ్యలో చాలాసేపు 3.7, 3.8 ప్రాంతంలో దాదాపు నిలకడగా ఉండి, చివర్లో ఒక్కసారిగా జారిపోతుంది. అంటే మనం ఎక్కువ సమయం గడిపే మధ్యభాగంలోనే వోల్టేజీ మనకు చెప్పేది తక్కువ. అందుకే బ్యాటరీ దారిలో అతి తక్కువ నిరోధం ఉన్న చిన్న భాగాన్ని పెట్టి, దాని గుండా వెళ్లే కరెంటును ఒక చిప్ క్షణక్షణం గమనిస్తూ, లోపలికి వచ్చినదాన్ని కూడుతూ బయటికి పోయినదాన్ని తీసివేస్తూ ఉంటుంది. ఈ కూడికలు, తీసివేతల్లో చిన్నచిన్న తేడాలు రోజుల తరబడి పేరుకుంటాయి. ట్యాబ్ పూర్తిగా నిండినప్పుడో, బాగా ఖాళీ అయినప్పుడో, ఏ పనీ లేక చాలాసేపు కదలకుండా ఉన్నప్పుడో ఆ చిప్ వోల్టేజీని ఆధారం చేసుకుని తన లెక్కను సరిదిద్దుకుంటుంది. ఎప్పుడూ 40కీ 70కీ మధ్యే తిరిగే ట్యాబ్‌లో ఇలా సరిదిద్దుకునే అవకాశాలు తక్కువ కాబట్టి అంకె కొంత పక్కకు జరగవచ్చు. అమెరికా, కెనడాల్లో ఉన్న మనవాళ్లకు చలికాలంలో ఇంకో అనుభవం ఎదురవుతుంది. చలికి బ్యాటరీ లోపలి నిరోధం పెరిగి, శాతం గబగబా పడిపోయి, ఇంట్లోకి తెచ్చాక మళ్లీ కొంత కోలుకుంటుంది. అక్కడ చార్జ్ ఎక్కడికీ పోలేదు, అందుబాటులోకి రాలేదంతే.

ఇంతకన్నా పెద్ద విషయం వయసు. శాతం అంటే ఎప్పుడూ ఒక మొత్తంలో భాగమే కదా, ఆ మొత్తమే ఏటా తగ్గుతూ వస్తుంది. పూడిక పడిన చెరువులో నీళ్లు అలుగు దాకా వచ్చినా పాత ఆయకట్టుకు చాలవు. మూడేళ్ల బ్యాటరీ చూపే 100 శాతం అలాంటి నిండుదనమే. ఐప్యాడ్ బ్యాటరీని 1000 పూర్తి చార్జ్ సైకిళ్ల తర్వాత కూడా తొలి సామర్థ్యంలో 80 శాతం వరకు నిలుపుకొనేలా రూపొందించామని ఆపిల్ చెబుతుంది. సైకిల్ అంటే చార్జర్‌కు తగిలించిన ప్రతిసారీ కాదు. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిసి ఒక సైకిల్. వయసుతో పాటు లోపలి నిరోధం కూడా పెరుగుతుంది, దాంతో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగినప్పుడు వోల్టేజీ కుంగిపోతుంది. 30 శాతం చూపిస్తూనే పరికరం ఉన్నట్టుండి ఆగిపోవడానికి సాధారణంగా ఇదే కారణం. పాత బ్యాటరీలున్న ఐఫోన్లు ఇలా ఆగిపోకుండా ఉండేందుకు సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి వేగం తగ్గించామని ఆపిల్ 2017 డిసెంబర్‌లో ఒప్పుకున్నప్పుడు ప్రపంచమంతా కోపగించింది. ఆ కోపం న్యాయమైనదే. వేగం తగ్గించినందుకు కాదు, చెప్పకుండా తగ్గించినందుకు. తెర మీది శాతం దాచిన సంగతి అప్పుడు చాలామందికి మొదటిసారి తెలిసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావడం సహజం. అంచనా అయితేనేం, రోజువారీ పనికి అది సరిపోతోంది కదా, ఇంత లోతుకు పోవడం దేనికి అని. కొత్త ట్యాబ్ విషయంలో ఈ మాట చాలావరకు నిజం. సాయంత్రం వరకు వస్తుందా రాదా అని తేల్చుకోవడానికి ఆ అంకె చాలు. కానీ ఆ అంకె ఫలితాన్ని చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. కారణం తెలియనివారు చేసే పొదుపు గురి తప్పుతుంది. బ్లూటూత్ ఆపుతారు, వాల్‌పేపర్ నల్లగా మారుస్తారు, వాడిన యాప్‌లన్నీ ఒక్కొక్కటే పైకి తోసి మూసేస్తారు, బ్రైట్‌నెస్ మాత్రం నిండుగానే ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. పదో తరం ఐప్యాడ్ బ్యాటరీ సామర్థ్యం 28.6 వాట్ అవర్లు. వైఫై మీద వెబ్ చూస్తే లేదా వీడియో చూస్తే 10 గంటల దాకా వస్తుందని తయారీదారు మాట. భాగిస్తే సగటు ఖర్చు మూడు వాట్ల లోపు. ట్యాబ్ తెర పది అంగుళాలకు పైనే కాబట్టి, చదవడం, వీడియో చూడటం లాంటి మామూలు పనుల్లో ఈ ఖర్చులో పెద్ద వాటా తెర వెలుగుదే. ఫోను విషయంలో పని చేసే చిట్కాలను ట్యాబ్‌కు యథాతథంగా తెచ్చుకోకూడదనేది అందుకే. డార్క్ మోడ్ సంగతే తీసుకోండి. ఓఎల్‌ఈడీ తెరలో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపు అంటే ఆ చుక్క ఆరిపోవడమే, కాబట్టి అక్కడ డార్క్ మోడ్‌తో ఆదా ఉంటుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఓఎల్‌ఈడీ ఫోన్ల మీద చేసిన అధ్యయనంలో, బ్రైట్‌నెస్ 100 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ సగటున 39 నుంచి 47 శాతం విద్యుత్తు ఆదా చేస్తే, మనం మామూలుగా పెట్టుకునే 30, 50 శాతం వెలుగులో ఆదా 3 నుంచి 9 శాతమేనని తేలింది. తక్కువ ధర ట్యాబ్‌లలో ఎక్కువగా ఉండేవి ఎల్‌సీడీ తెరలు. వాటిలో వెనక దీపం ఒకేలా వెలుగుతూనే ఉంటుంది, ముందున్న రంగు నలుపైనా తెలుపైనా ఒరిగేది స్వల్పం. కంటికి హాయిగా ఉంటుందని డార్క్ మోడ్ పెట్టుకుంటే తప్పు లేదు, బ్యాటరీ కోసం మాత్రం వేలు పెట్టాల్సింది బ్రైట్‌నెస్ గీత మీద. ఆ తర్వాత, తెర తనంతట తాను ఆరిపోయే సమయం మీద.

యాప్‌లు మూసేయడం గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎంత మందికి చెప్పినా పోని అలవాటు ఇది. పక్కన పెట్టిన యాప్‌ను వ్యవస్థే నిద్రపుచ్చుతుంది. మనం దాన్ని పూర్తిగా తీసేసి, పది నిమిషాలకు మళ్లీ తెరిస్తే, అది మొదటి నుంచి మొత్తం సర్దుకోవాలి. దానికే ఎక్కువ ఖర్చు. బ్యాటరీ కోసం యాప్‌లను మూయాల్సిన పని లేదని ఆపిల్‌లో సాఫ్ట్‌వేర్ విభాగం చూసే క్రెయిగ్ ఫెడెరిఘీ 2016లోనే స్పష్టంగా చెప్పారు, ఆండ్రాయిడ్ బాధ్యతలు చూసిన హిరోషి లాక్‌హైమర్ కూడా అదే మాట అన్నారు. మూసేశాక నిజంగానే తేడా కనిపించిందనేవాళ్లున్నారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. దారి చూపే మ్యాప్, వెనకే పాడుతున్న పాట, ఎక్కడో ఇరుక్కుపోయిన యాప్ ఇలాంటివి నిజంగానే తింటాయి. అయితే ఆ ఒక్కటి ఏదో కనిపెట్టాలి గాని, పది యాప్‌లను మూసేసి పదకొండోది దొరికిందనుకోకూడదు.

కనిపెట్టే చోటు సెట్టింగుల్లో బ్యాటరీ పేజీ. ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఏ యాప్ ఎంత వాడిందో అక్కడ వరసగా ఉంటుంది. చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. ఐప్యాడ్ జాబితాలో ఒక యాప్ పక్కన 60 శాతం అని ఉంటే, అది బ్యాటరీలో 60 శాతం తినేసిందని కాదు, ఆ గడువులో ఖర్చయిన మొత్తంలో దాని వాటా అంత. రోజంతా యూట్యూబ్ ఒక్కటే చూసినవారికి యూట్యూబ్ పైన ఉండటంలో వింత లేదు. అనుమానించాల్సింది తెర మీద ఐదు నిమిషాలే ఉండి, వెనక గంటల తరబడి పని చేసిన యాప్‌ను. దానికి మాత్రమే బ్యాక్‌గ్రౌండ్ అనుమతి తీసేస్తే చాలు. సిమ్ వేసుకునే ట్యాబ్‌లలో టవర్ దూరంగా ఉండి సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు, అందుకోవడానికి రేడియో ఎక్కువ శక్తితో పని చేయాల్సి వస్తుంది. అలాంటి ఊళ్లలో పాఠాలు, వీడియోలు వైఫై ఉన్నచోట ముందే దించుకుని తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో చూడటం ఏ పొదుపు బటన్ కన్నా మెరుగు.

అయితే ఆ బటన్ ఎందుకున్నట్టు? ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సేవర్ 2014లో వచ్చింది, ఐప్యాడ్‌కు లో పవర్ మోడ్ 2021లో వచ్చింది. ఇవి ప్రధానంగా చేసేది వెనక జరిగే పనుల్ని వాయిదా వేయడం. మెయిల్ తెచ్చుకోవడం, ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్ లాంటివన్నీ ఆగుతాయి, వేగమూ కొంత తగ్గుతుంది. అయితే ఎప్పటికీ ఆన్‌లోనే ఉంచేస్తే పోదా అని అడిగేవాళ్లకు నా సమాధానం వద్దనే. వాయిదా పడ్డ పని ఎప్పుడో ఒకప్పుడు చేయక తప్పదు. నెలల తరబడి ఫొటోలు బ్యాకప్ కాకుండా ట్యాబ్ కింద పడి పగిలితే మిగిల్చుకున్న కాస్త చార్జ్ ఆ నష్టాన్ని పూడ్చదు. ప్లగ్గు దొరకని ప్రయాణంలో, కరెంటు పోయిన రోజున ఆ బటన్ నొక్కాలి. అప్పుడు కూడా 15 శాతం దాకా ఆగకుండా, రోజు పెద్దదని తెలిసినప్పుడు పొద్దున్నే నొక్కితే లాభం.

ఇక రోజుల లెక్క వదిలి ఏళ్ల లెక్కకు వస్తే, అక్కడ శత్రువు ఖర్చు కాదు, వేడి. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది ఆపిల్. రామగుండంలో, రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి. నిలిపి ఉంచిన కారులో, కిటికీ పక్కన ఎండ పడే బల్ల మీద, దిండు కింద చార్జింగ్ పెట్టిన ట్యాబ్ లోపల వేడి ఇంకా ఎక్కువ. ఆ వేడికి పోయిన సామర్థ్యం తిరిగి రాదు. నిండుగా చార్జ్ ఉండి వేడిగా కూడా ఉండటం లిథియం బ్యాటరీకి అన్నిటికన్నా చేటు. ఈ మధ్య ట్యాబ్‌లలో వస్తున్న 80 శాతం పరిమితి అందుకే. 20 శాతం ముందే వదులుకోవడం నష్టం కాదా అన్న ప్రశ్న సబబైనదే. పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగికి అది నష్టమే, ఆయన 100 దాకా ఎక్కించుకోవాలి. గోడ పక్కనే ఉండి ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ఇంటి ట్యాబ్‌కు మాత్రం ఆ 20 శాతం ఎలాగూ వాడనిదే. అసలు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా వాడి తర్వాతే చార్జింగ్ పెట్టాలన్న పాత నియమం నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది, లిథియానికి అది హాని.

ఇదంతా వినియోగదారుడే తలకెత్తుకోవాలా అంటే, వద్దు. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే ఫోన్లు, ట్యాబ్‌ల బ్యాటరీలు 800 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలన్న నిబంధన వచ్చింది. ఒక్క చార్జింగ్‌తో ఎన్ని గంటలు వస్తుంది, ఎన్ని సైకిళ్లు నిలుస్తుంది అన్నవి లేబుల్ మీద ఉండాలి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. ఆ పిల్లలు పదో తరగతి పరీక్షలు రాసేవరకు ఆ బ్యాటరీలు నిలవాల్సిన అవసరం ఉండేది. ఇంత పెద్ద మొత్తంలో కొనే ఏ ప్రభుత్వమైనా టెండరులో ర్యామ్, కెమెరా, తెర సైజులతో పాటు ఎన్ని సైకిళ్లకు ఎంత సామర్థ్యం మిగులుతుందో, మూడో ఏట బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుందో, ఆ మార్పిడి జిల్లా కేంద్రంలో జరుగుతుందో లేదో కూడా అడగాలి. పంచేటప్పుడు టీచర్లకు బ్యాటరీ పేజీ ఎక్కడుందో, బ్రైట్‌నెస్ ఎంతలో ఉంచాలో, వేసవి సెలవుల్లో సగం చార్జ్‌తో ఆఫ్ చేసి నీడపట్టున ఎలా దాచాలో అరగంటలో చెప్పవచ్చు.