ఎవరింటి గుట్టు?

చోడవరం టీకొట్టు దగ్గర మేం గాజా గురించి నోరెత్తితే చాలు, 'ముందు మీ పాకిస్తాన్ సంగతి చూసుకోండి' అంటారు. పాకిస్తాన్ మాదెప్పుడైందో మాకు తెలీదు. అయినా ఆ ప్రశ్నని దాటెయ్యం. సొంత ఇంట్లో జులుం ఉన్న దేశానికి పరాయి జులుంని తప్పుపట్టే హక్కుందా?

1946లో దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షని మన దేశం ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. అది మా ఆంతరంగిక వ్యవహారం అన్నారు అక్కడి తెల్లపాలకులు. అప్పుడు మన ఊళ్లల్లో అంటరానితనం లేదా? ఉంది. అయినా ఆ ఫిర్యాదు న్యాయమైందే. 2001 డర్బన్ సదస్సులో దళితులు కులం గురించి చర్చించమంటే, అది మా ఇంటి విషయం అంటూ అడ్డుపడింది మన ప్రభుత్వమే! తప్పు వేలెత్తి చూపడంలో లేదు, తన తలుపు మూసుకోవడంలో ఉంది.

మా ఊరి మీదుగానే పాడేరు మన్యానికి దారి. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని వాకపల్లిలో 11 మంది కోందు ఆడవాళ్లు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి, ఆ ఆడవాళ్లకి పరిహారం ఇవ్వమంది. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టిన మన దేశం దాన్నింకా ధ్రువీకరించలేదు.

మరి మా సంగతి? అదే 2007లో, మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన మా కుర్రాళ్ల కోసం ఏడ్చాం. వాకపల్లి కోసం ఎంతమందిమి కదిలాం? మజ్లూంని ముందు మజహబ్ అడిగేవాళ్లకి ఇన్సాఫ్ అడిగే నోరుండదు. దేశానికైనా అంతే, మాకైనా అంతే.