ఎండకొండ వైను, నీడకొండ చీజు

ఇటలీ ఉత్తరపు అంచున, స్విట్జర్లాండ్ సరిహద్దును ఆనుకుని వల్తెల్లీనా లోయ ఉంది. దాని నడుమ అద్దా నది తూర్పు నుంచి పడమరకు పారుతుంది. నదికి ఉత్తరాన ఉన్న కొండవాలు దక్షిణానికి తిరిగి రోజంతా ఎండ కాచుకుంటుంది. అక్కడ ద్రాక్ష పండుతుంది. అవతలి ఒడ్డున ఒరోబియే కొండలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి. అక్కడ చల్లదనం, తేమ, ఏపుగా పెరిగే పచ్చిక. ఆవులూ మేకలూ మేసేది అక్కడే. ఏ చీజుకు ఏ వైను జోడీ అని ఈ లోయవాళ్లు పుస్తకాలు వెతకనక్కర్లేదు. జవాబు ఏటి అవతలే ఉంది.

నీడకొండ చీజు పేరు బిట్టో. మందలు ఎత్తైన మేతబీళ్లలో గడిపే వేసవిలో, జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా మాత్రమే దీన్ని చేస్తారు. పాత పద్ధతిలో పాలను చీజు చేసే చోటికి మోసుకురారు, చీజు చేసే చోటే మంద వెంట కదులుతుంది. బీళ్లలో అక్కడక్కడా 'కలేచ్' అనే కప్పులేని రాతి గోడలుంటాయి. మంద ఎక్కడికి చేరితే అక్కడి గోడల మీద గుడ్డ కప్పి, లోపల మంట వేసి, రాగి కాగు వేలాడదీస్తారు. పితికిన పాల వెచ్చదనం పోకముందే వాటిని విరగబెడతారు. ఆవుపాలలో కొంచెం మేకపాలు కలపడం ఇక్కడి అలవాటు. కనీసం 70 రోజులు మాగనిస్తారు. బాగా కుదిరిన చీజు చక్రాలు పదేళ్లు కూడా నిలుస్తాయి.

ఎండకొండ మీద పండేది నెబ్బియోలో ద్రాక్ష. స్థానికులు దాన్ని కియవెన్నాస్కా అంటారు. నిటారు వాలు మీద మట్టి నిలవదు కాబట్టి సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వాటి వెనుక మట్టి నింపి, మెట్లు మెట్లుగా తోటలు వేశారు. ఈ ద్రాక్షతో చేసే వైన్లలో ఘనమైనది స్ఫోర్సాతో. కోసిన గుత్తులను గాలి ఆడే గదుల్లో పరిచి వారాల తరబడి వాడనిస్తారు. డిసెంబరు 1కి ముందు వాటిని నలపకూడదన్నది నియమం. నీరు ఇంకిపోయి తీపి, పులుపు, వగరు చిక్కబడతాయి. ఆల్కహాలు కనీసం 14 శాతం ఉంటుంది.

ఈ రెండూ ఎందుకు కలుస్తాయో తెలియాలంటే వగరు గురించి తెలియాలి. షడ్రుచుల్లో వగరును చేర్చుకున్న మనకు ఇది సులువుగానే అర్థమవుతుంది. ఎర్ర వైనుకు వగరునిచ్చేవి ద్రాక్ష తొక్కల్లోనూ గింజల్లోనూ ఉండే టానిన్లు. అవి నోట్లోని లాలాజలపు ప్రొటీన్లను పట్టుకోవడం వల్లే నాలుక బిరుసెక్కినట్టుంటుంది. అప్పుడు చీజు తింటే టానిన్లకు పాల ప్రొటీన్లు దొరుకుతాయి, నాలుక తేలికపడుతుంది. డికాషనులో పాలు పోయగానే టీ వగరు తగ్గడానికి కారణమూ ఇదే. చీజులోని ఉప్పు వైను చేదును అణుస్తుంది. వైను పులుపు చీజు వెన్నను కడిగి, మరో ముక్కకు నోటిని సిద్ధం చేస్తుంది. ఏళ్లు మాగిన బిట్టోకు ఉప్పదనమూ, చిక్కని రుచీ ఎక్కువ. స్ఫోర్సాతో బరువు మోయగల సత్తా దానికుంది.

ఇదే జోడీ అన్ని కొండలకూ సరిపోదు. ఇటలీ వాయవ్య మూలన, మోన్ బ్లాన్ శిఖరం కింద వాల్ దావోస్తా లోయలో ఫోంటీనా చేస్తారు. ఒక పూట పాలతోనే, వాటిని కాచకుండా, పితికిన కొద్ది గంటల్లోనే పని మొదలుపెడతారు. అందుకే అక్కడ పొద్దుటి పాలకు ఒక కాగు, సాయంత్రపు పాలకు మరో కాగు. కనీసం 80 రోజులు తేమగుహల్లో మాగాక అది మెత్తగా, వెన్నలా, గింజపప్పుల రుచితో తయారవుతుంది. ఇంత సున్నితమైన చీజు మీద వగరు వైను పోస్తే చేదే మిగులుతుంది. దీనికి కావలసింది పులుపు. ఆ పులుపు అదే లోయ పైభాగంలో, మోర్జే ఊరి దగ్గర దొరుకుతుంది. సుమారు 1,200 మీటర్ల ఎత్తు దాకా ప్రియే బ్లాన్ అనే తెల్ల ద్రాక్షను పందిళ్ల మీద పెంచుతారు. మన ద్రాక్షపందిరి కింద మనిషి నిలబడి నడవొచ్చు. అక్కడి పందిళ్లు అంత ఎత్తుండవు, గాలిని తట్టుకోవడానికీ నేల వెచ్చదనం అందుకోవడానికీ తీగలు మట్టికి దగ్గరగా పాకుతాయి. వాటి వైను తేలికగా, పుల్లగా, కొండమూలికల వాసనతో ఉంటుంది. కరిగించిన ఫోంటీనా వెన్నదనాన్ని అది చక్కగా తగ్గిస్తుంది.

రుచి చూడటానికీ ఓ క్రమం ఉంది. చీజును ఫ్రిజ్‌లోంచి గంట ముందు తీసి ఉంచాలి, చల్లగా ఉంటే వాసన బిగుసుకుపోతుంది. లేతదానితో మొదలుపెట్టి ముదురుదానికి వెళ్లాలి. ముందు చీజు ముక్క, తర్వాత చిన్న గుక్క, మళ్లీ చీజు. రెండోసారి తిన్న ముక్క మొదటిదానికన్నా బాగుంటే జోడీ కుదిరినట్టే.

ఇవన్నీ ఎవరో ఒకరు కొండెక్కితేనే నిలుస్తాయి. దాణా పెట్టకుండా, బయటి నుంచి తెచ్చిన తోడు వేయకుండా పాత పద్ధతినే పట్టుకున్న కొందరు బిట్టో కాపరులు, నియమాలు సడలాయని విడిపోయి, చివరికి ఆ పేరునే వదులుకున్నారు. 2016 నుంచి వాళ్ల చీజు 'స్తోరికో రిబెల్లె'. చారిత్రక తిరుగుబాటుదారు అని ఆ మాటకు అర్థం. అవతలి ఒడ్డున గోడలు పేర్చే ఆ విద్యను 2018లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. గుర్తింపు గౌరవమే, కానీ వాన తర్వాత జారిన రాయిని తిరిగి పెట్టాల్సింది చేతులే. మంద పైకి వెళ్లడం మానేస్తే మేతబీడును పొదలు కమ్ముతాయి. గోడ జారితే తోట జారుతుంది. ఏది జరిగినా, ఏటికి ఒక ఒడ్డున మిగిలినదానికి అవతలి ఒడ్డు నుంచి రావాల్సిన జోడీ రాదు.