కుందేళ్లు మేసిన చోట

దక్షిణ ఇంగ్లండ్ సుద్దకొండల మీద మే నెల ఎండ. పాత గోనెపట్టా మడిచి మోకాళ్ల కింద వేసుకుని, మూరెడు నేల మీదే చూపు నిలిపి కూర్చున్నాను. వెతుకుతున్నది అయిదారు మిల్లీమీటర్ల పురుగును. ఇక్కడివాళ్లు శాండ్‌రన్నర్ అంటారు. శాస్త్రీయనామం సియోకోరిస్ కర్సిటాన్స్. కర్సిటాన్స్ అంటే లాటిన్‌లో అటూ ఇటూ పరుగెత్తేది. 1794లో దీనికి పేరు పెట్టిన ఫాబ్రీషియస్ ఆ మాటే ఎంచుకున్నాడంటే, దాని వెనకాల ఆయన చూపూ పరుగెత్తే ఉంటుంది.

చిన్నప్పుడు తొలకరికి ఆరుద్ర పురుగుల కోసం చేలగట్ల మీద ఇలాగే వంగేవాళ్లం. ఆ ఎర్ర ముఖమల్ తనంతట తానే కళ్లబడేది. ఇది అలా చిక్కదు. ఎండుటాకు రంగు. కదిలితే తప్ప పురుగని తెలియదు.

డాలు లాంటి వీపు ఉన్నందుకు ఈ కోవ పురుగులను షీల్డ్‌బగ్స్ అంటారు. చాలావరకు పొదల మీద, చెట్ల మీద దొరుకుతాయి. ఇది మాత్రం నేలనే అంటిపెట్టుకుంటుంది. ఒళ్లు నలిపి చదును చేసినట్టు బల్లపరుపు, అంచులు పక్కలకు పలచగా పరుచుకుని ఉంటాయి. తలకు అటూ ఇటూ కళ్లు పొడుచుకొస్తాయి. నేను మొదట చూసేది ఆ కళ్లనే. వెల్లకిలా తిప్పితే దవడలుండవు, పొట్ట వైపు మడిచిన సూదిలాంటి ముక్కు ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టం సియోకోరిస్ హోమలోనోటస్ కూడా ఈమధ్య ఈ దేశంలో కనబడుతోంది కాబట్టి, ఫోటో ఒక్కటి చూసి పేరు రాయడం మానేశాను.

పురుగు కంటే ముందు దాని చోటును గుర్తుపట్టాలి. మౌస్-ఇయర్ హాక్‌వీడ్ అనే పసుపుపూల మొక్క, నేలకు కరుచుకున్న దాని బొచ్చుటాకులు, వాటి మధ్య ఎండకు కాగే మట్టి. ఆ వెచ్చదనమే దీనికి ప్రాణం. గడ్డి పొట్టిగా ఉంటేనే అది దక్కుతుంది. గడ్డిని పొట్టిగా ఉంచేది గొర్రెలు, కుందేళ్లు. 1953లో మిక్సోమటోసిస్ రోగం బ్రిటన్‌కు వచ్చి కుందేళ్లు ఊడ్చుకుపోయాక, ఎన్నో సుద్దకొండల మీద గడ్డి ఏపుగా పెరిగి, ముళ్లపొదలు కమ్మి, నేల చల్లబడింది. అక్కడ పూలే కనబడవు, ఇక పురుగులెక్కడ?

పదకొండింటికి ఒక ఎండుటాకు పరుగెత్తింది. చూశాను, కళ్లు లెక్కపెట్టుకున్నంత స్పష్టంగా. ఆకుల కిందికి దూరిపోయింది. ఎత్తిన ఆకును మళ్లీ మెల్లగా ఉన్నచోటే ఆనించాను. నోట్‌బుక్‌లో పేరు రాసి, దాని కింద రాశాను: గడ్డి రెండంగుళాల లోపే, కుందేలు పెంటికలు తాజాగా ఉన్నాయి.