విరిగిన పాలు

మా చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఈమధ్య ఒక సాయంత్రం బుర్రకథ విన్నాను. పల్నాటి వీరుల కథ. మాంచాల తన భర్త బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపే ఘట్టం రాగానే హాలంతా చప్పట్లు. ఒకప్పుడైతే నేనూ చేతులు నొప్పెట్టేదాకా కొట్టేదాన్నే. ఆ రోజు నా పక్కన మా అక్క ఉంది. అక్క కొడుక్కి సరిహద్దుకి ఆర్డరు వచ్చి అప్పటికి నాలుగు రోజులు. అక్క చప్పట్లు కొట్టలేదు. అలాగని లేచి వెళ్ళిపోనూ లేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

మర్నాడే సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి, శ్రీనాథుడు రాశాడని చెప్పే ఆ ద్విపద కావ్యం తెచ్చుకున్నాను. చదువుతుంటే ఇన్నాళ్ళూ నేను పట్టించుకోని మనిషి ఒకావిడ కనిపించింది. బాలచంద్రుడి తల్లి ఐతాంబ. కొడుకు యుద్ధానికి వెళ్తానంటే ఆవిడ ప్రాణం ఒప్పుకోలేదు. నచ్చజెప్పి చూసింది. వినకపోతే, ఒక్కసారి నీ భార్యని చూసి వెళ్ళమంది. కోడలి ముఖం చూసైనా ఆగుతాడేమోనని ఆశ! ఆ కోడలేమో ధైర్యం చెప్పి పంపేసింది. లోకం కోడల్ని వీరపత్ని అని కొలిచింది. అత్తగారు మాత్రం కథకి అడ్డొచ్చిన మనిషిలా మిగిలిపోయింది.

ఖడ్గ తిక్కన కథ మీకూ గుర్తుండే ఉంటుంది. పదమూడో శతాబ్దంలో నెల్లూరు మనుమసిద్ధికీ, కాటమరాజుకీ పశువుల మేతకి కట్టాల్సిన పుల్లరి దగ్గర తగువొచ్చి, అది యుద్ధమైంది. వెన్నిచ్చి ఇంటికొచ్చిన తిక్కనకి భార్య చానమ్మ స్నానానికి మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచిందట. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు వడ్డించి, నీలాగే ఇవీ విరిగాయి నాయనా అందట. అతను తిరిగి వెళ్ళాడు, ప్రాణం వదిలాడు. మేం బడిలో ఈ కథ చెప్పుకుని పొంగిపోయేవాళ్ళం.

ఇప్పుడు నాకొక సందేహం. అతను రెండోసారి గడప దాటాక ఆ తల్లి ఏం చేసింది? ఆ పాల గిన్నె ఎవరు కడిగారు? ఈ కథ చెప్పేవాళ్ళెవరూ ఆ ఊసెత్తరు. కొడుకు వాకిలి దాటగానే తల్లితో వాళ్ళకి పని తీరిపోయింది.

అయితే పాతవాళ్ళని ఊరికే తప్పు పట్టకూడదు. ఈ పాటలు పుట్టింది పోయినవాళ్ళని తలుచుకోవడానికి. కారంపూడిలో ఈనాటికీ కార్తీకమాసంలో పల్నాటి వీరులకి ఉత్సవాలు చేస్తారు. పైగా ఓడిన ఊళ్ళో ఆడవాళ్ళ గతేమిటో మాంచాలకీ, చానమ్మకీ మనకంటే బాగా తెలుసు. నా ఫిర్యాదల్లా ఒకటే. మన కవులు ఒకే మనసుని రెండు ముక్కలు చేశారు. భయాన్ని ఐతాంబకిచ్చారు, ధైర్యాన్ని మాంచాలకిచ్చారు. రెండూ ఒకే ఇల్లాలి గుండెలో ఉంటాయని ఎందుకు రాయలేదు?

ఉంటాయని మనం కళ్ళారా చూశాం. 2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు పోయారు. వాళ్ళ అధికారి మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు. మరుసటి ఏడాది ఆయనకి మహావీర చక్ర ప్రకటించారు. వార్త తెలిసిన రోజున ఆయన తల్లి, దేశం కోసం ప్రాణమిచ్చినందుకు గర్వంగా ఉందనీ, తల్లిగా మాత్రం దుఃఖంగా ఉందనీ ఒకే నోట చెప్పారు. ఆయన ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు. కావ్యాల్లో ఇద్దరు ఆడవాళ్ళు మోసిన మాటని ఆవిడొక్కరే మోశారు.

నా సంగతి చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. యుద్ధాలు వద్దని నవల్లో పేజీలకి పేజీలు రాసినదాన్ని. టీవీలో మనవాళ్ళు గెలిచారంటే ఒళ్ళు పులకరించినదాన్నీ నేనే. ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా అని వాదించాను కూడా. ఆ ఎవరో ఒకరు మావాడే అయ్యేసరికి నోట మాట రాలేదు. వాడేమో, "పిన్నీ, నువ్వు కథలు రాస్తావుగా, అమ్మకి కాస్త సర్దిచెప్పు" అన్నాడు. ఏం సర్దిచెప్పను? వెళ్ళొద్దని అనలేను, వెళ్ళమనీ నోరు రాదు.

వాడు బయల్దేరే రోజు పొద్దున్నే మా ఇంట్లో నిజంగానే పాలు విరిగాయి. అక్క గిన్నె వంక చూసింది, నా వంక చూసింది. గబగబా దాని మీద మూత పెట్టి, వాడి కంట పడకుండా పెరటి వైపు తీసుకెళ్ళింది. "వాడు లేచేలోగా నారాయణగూడ దాకా వెళ్ళయినా సరే ఒక పాల ప్యాకెట్ పట్రా" అంది.

తెచ్చాను. వాడు కాఫీ తాగి, "బావుందమ్మా" అని వెళ్ళాడు. అక్క గుమ్మంలో నవ్వుతూనే నిలబడింది. ఆటో సందు మలుపు తిరిగాక లోపలికొచ్చి, ఆ గిన్నె తనే కడుక్కుంది.

ప్రోలమ్మ కూడా కడుక్కునే ఉంటుంది. ఎవరైనా ఆ పద్యం కూడా రాసి ఉంటే బాగుండేది.