నేర్చిన పనికి గుర్తింపు ఏది? ‘మనకు తెలియని మన చరిత్ర’ – ఒక విమర్శ

స్త్రీలు ఉద్యోగాల్లో ఎందుకు వెనుకబడ్డారని అడిగితే, చదువు లేకపోవడమే కారణమని చాలామంది చెబుతారు. ఈ సమాధానం ఎంతవరకు సరిపోతుందో, నల్లగొండ జిల్లాతో ముడిపడిన ఒక పుస్తకం ఆధారంగా పరిశీలిద్దాం.

స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను తామే చెప్పుకొన్నారు. నల్లగొండ జిల్లా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం వీరిలో ఒకరు. అడవిలో కన్నబిడ్డను ఇతరులకు అప్పగించవలసివచ్చిన కమలమ్మ మరొకరు. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగేది. పల్లెటూరి తెలుగు ఆడపిల్లకు బడి దూరం, అక్కడి భాష ఇంకా దూరం. అటువంటి రోజుల్లో స్త్రీలు ఉద్యమంలోకి వచ్చి చదవడం, ఉపన్యసించడం, ఆయుధం పట్టడం నేర్చారు. దళాల్లో వైద్యం చేసినవారూ ఉన్నారు.

1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. తరువాత వీరిలో చాలామందికి మిగిలింది ఇల్లే. స్వరాజ్యం 1978లో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనా, అది అందరికీ దక్కిన అవకాశం కాదు. ఈ గ్రంథం వీరగాథలతో ఆగక, ‘ఆ తరువాత ఏమైంది?’ అని అడుగుతుంది. దీని ప్రధాన బలం అదే. వీరికి నైపుణ్యం కొరవడలేదు. దాన్ని గుర్తించే వ్యవస్థ, ఇంటిపనిని పంచుకొనే మనిషి కొరవడ్డారు.

ఇది మన ప్రాంతానికే పరిమితమైన సమస్య కాదు. ఖతర్, కువైత్ వంటి అరబ్బు దేశాల విశ్వవిద్యాలయాల్లో పురుషులకన్నా స్త్రీలే ఎక్కువ. అయినా మొత్తం అరబ్బు ప్రాంతంలో ఉద్యోగం చేసే స్త్రీల శాతం ప్రపంచంలోనే అతి తక్కువ స్థాయిలో ఉంది. అంటే పట్టా చేతికి వచ్చినంతమాత్రాన పని దొరకదు.

పాలమూరులో పరిస్థితి దీనికి తలకిందులు. 2011 జనాభా లెక్కల ప్రకారం నాటి మహబూబ్‌నగర్ జిల్లా స్త్రీలలో అక్షరాస్యులు సగంకన్నా తక్కువ. కాని నాట్లు, కలుపు, మట్టిపని, వలస కూలి అన్నీ వారు చేసినవే. అక్కడ పని ఉంది, చదువు లేదు.

గ్రంథంలోని గొంతులు ఎక్కువగా ఉద్యమ కార్యకర్తలవి. ఉద్యమంలో చేరని కూలి స్త్రీల మాట ఇందులో తక్కువగా వినిపిస్తుంది. ఇది దీని పరిమితి. అయితే వారి గురించి అడగవలసిన ప్రశ్నను మనకు నేర్పింది మాత్రం ఈ గ్రంథమే. చదువు, పని, గుర్తింపు వేరువేరు తలుపులు. ఒకటి తెరిస్తే మిగిలినవి వాటంతట అవే తెరుచుకోవు.

అభ్యాసం: మీ ఊరిలో పనితనం ఉండీ సర్టిఫికెట్ లేని ఒక స్త్రీతో మాట్లాడండి. ఆమెకు ఏ తలుపు, ఎవరివల్ల మూసుకుపోయిందో 10 వాక్యాల్లో రాయండి.