నాగార్జునకొండ ద్వీపం: పునర్నిర్మాణంలోని గ్రంథపాతం – ఒక విమర్శ

వ్యాససంగ్రహం: నాగార్జునసాగర్ జలాశయం నడుమ ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండపైకి, మునిగిన లోయలోని కట్టడాలు కొన్నింటిని తరలించి తిరిగి నిర్మించారు. తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం అందించే కొలమానంతో ఈ వ్యాసం ఆ పునర్నిర్మాణాన్ని విమర్శిస్తుంది. రాళ్లు దక్కినంతగా రాళ్ల మధ్య సంబంధం దక్కలేదనీ, ద్వీపంలో ఇకపై చేపట్టే నిర్మాణం ఆ లోటును గుర్తించి మొదలుకావాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నాగార్జునకొండ, విజయపురి, ఇక్ష్వాకులు, పాఠపరిష్కరణ, గ్రంథపాతం, వాస్తుశిల్పం.

ప్రవేశిక

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతం నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో చివరి భాగానికి చెందింది. కాలువ చివరి భూముల్లో సాగర్ అనే మాటకు నీటి వంతు అనే అర్థమే ముందు స్ఫురిస్తుంది. ఆ నీరు నిలవడానికి ఒక రాజధానీ నగరం మునిగిందన్న సంగతి పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంగా మిగిలింది. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ రెండు తేదీల నడుమ విజయపురి నీటి అడుగుకు చేరింది, కొండ ద్వీపమయింది.

ఈ ద్వీపాన్ని మెరుగుపరచాలన్న మాట వచ్చినప్పుడల్లా చర్చ లాంచీలు, విడిది గృహాలు, ఉద్యానాల చుట్టూ తిరుగుతుంది. అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న వేరే ఉంది. అక్కడ ఇప్పుడున్నది ఏమిటి? ప్రాచీన స్థలమా, ప్రాచీన స్థలానికి 20వ శతాబ్దం తయారుచేసుకున్న ప్రతియా?

లోయ, దాని వాక్యనిర్మాణం

1926లో సూరపరాజు వేంకటరామయ్య అనే స్థానిక ఉపాధ్యాయుడు ఇచ్చిన సమాచారంతో ఈ శిథిలాలు మద్రాసు ప్రభుత్వపు శాసన పరిశోధకుల దృష్టికి వచ్చాయి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపించారు. ఆనకట్ట నిర్ణయమయ్యాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో, రాబోయే నీటితో పోటీపడుతూ విస్తృతమైన తవ్వకం సాగింది. సుమారు 23 చదరపు కిలోమీటర్ల లోయ అది. మూడు దిక్కుల నల్లమల శాఖలు, నాలుగో దిక్కున కృష్ణ.

క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకు నగరం ఈ భూమిపై యాదృచ్ఛికంగా పరచుకోలేదు. నది ఒడ్డున స్నానఘట్టాలు, వాటికి చేరువగా పుష్పభద్రస్వామి మొదలైన దేవాలయాలు, కోట, కోటకు ఎడంగా దిబ్బల మీదా లోయ లోపలా బౌద్ధ విహారాలు ఉండేవి. ఒక కట్టడం అర్థం పక్క కట్టడం మీదా, నది మీదా ఆధారపడింది. కర్త, కర్మ, క్రియల వరుస వాక్యానికి ఎటువంటిదో ఈ క్రమం నగరానికి అటువంటిది.

ఇందుకు శాసనమే సాక్ష్యం. బోధిసిరి అనే ఉపాసిక ప్రాకృత శాసనం తన చైత్యగృహం ఎక్కడ ఉన్నదో చెబుతుంది: శ్రీపర్వతంపై, విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరి విహారంలో. దానంతో పాటు చిరునామాను కూడా రాతిలో చెక్కించిందన్నమాట. వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి సమర్పించిన ఆయక స్తంభాలూ దిక్కులనే ఆశ్రయించాయి. నాలుగు వైపులా ఐదేసి స్తంభాలు నిలిచే ఆ పద్ధతిలో దిక్కు కేవలం అలంకారం కాదు. బోధిసిరి శాసనం ఈనాడు ఎక్కడ ఉన్నా అందులోని తూర్పు మాత్రం నీటిలో ఉంది.

పరిష్కరణ ధర్మం

తాళపత్ర ప్రతుల నుంచి కావ్యాన్ని పరిష్కరించేవారికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ప్రతి ఎక్కడ దొరికిందో పీఠికలో చెప్పాలి. పాఠాంతరాలను అడుగున చూపాలి. పురుగు తిన్న చోట సొంత పద్యపాదం పూరిస్తే అది పూరణ అని గుర్తుపెట్టాలి. పూరించలేని చోట చుక్కలు ఉంచి గ్రంథపాతమని ఒప్పుకోవాలి. చుక్కలు లేకుండా సాఫీగా అచ్చయిన పుస్తకం చదవడానికి హాయిగా ఉంటుంది కాని పరిశోధకునికి పనికిరాదు. వాస్తుశిల్పంలోనూ ఇదే నీతి. 1964 వెనిస్ అధికారపత్రం కట్టడాన్ని దాని పరిసరం నుంచి విడదీయరాదన్నది. రక్షణకు తప్పనిసరి అయినప్పుడు తరలింపును అంగీకరించింది. పునరుద్ధరణలో కొత్తగా చేర్చే భాగం తన కాలపు ముద్రను ధరించాలని కూడా చెప్పింది.

నాగార్జునకొండ తరలింపు తప్పనిసరి అయినదే. ఆ పని చేసినవారి శ్రమను తక్కువ చేయడానికి వీలులేదు. తొమ్మిది కట్టడాలను కొండపైన తిరిగి నిలిపారు. మరికొన్నింటి నమూనాలను కృష్ణ ఒడ్డున అనుపులో నిర్మించారు. 1966లో బౌద్ధ విహార రీతిలో మ్యూజియం వెలసింది. పల్నాటి సున్నపురాతిపై చెక్కిన శిల్పాలు ఈనాడు చూడదొరుకుతున్నాయంటే కారణం ఆ కృషే. విమర్శ ఆ తరువాతి అరవై ఏళ్లకు సంబంధించినది. ప్రతి సిద్ధమయింది, పీఠిక మాత్రం రాలేదు.

స్నానఘట్టం ఇందుకు బలమైన ఉదాహరణ. నదిలోకి దిగడానికి కట్టిన మెట్లు ఇప్పుడు కొండ నెత్తిన ఉన్నాయి. రాతి పలకల అమరిక చక్కగా ఉంది. కాని చివరి మెట్టు దిగినవారి పాదం మట్టిని తాకుతుంది, నీటిని కాదు. ఘట్టం అనే పదానికి నది అనివార్యం. నది లేని ఘట్టం క్రియ లేని వాక్యం. ఇది ఎవరి అపరాధమూ కాకపోవచ్చు. అయినా లోయలో ఇది ఏ వైపున ఉండేదో, ఆ చోటు ఇప్పుడు ఎంత లోతున ఉందో అక్కడే నిలబడి తెలుసుకోగలిగితే ఆ లోటే ఒక పాఠమవుతుంది. కట్టడం పేరుతో ఆగిపోయే ఫలకం ఆ పని చేయదు.

స్వస్తిక స్తూపం మరో రకమైన చిక్కు తెస్తుంది. ఇటుకలతో కట్టిన స్వస్తికం స్తూపగర్భంలో దాగి ఉండవలసినది. దానిని కట్టినవారికి తెలుసు, ప్రదక్షిణ చేసేవారి కంటికి అది కనబడదు. కొండపైన ఇప్పుడు ఆ లోపలి ఆకృతే ప్రధాన దృశ్యం. తవ్వకంలో బయటపడిన స్థితిని చూపడం పురావస్తు దృష్టికి న్యాయమే. అయితే అది ఇక్ష్వాకుల స్తూపమని కాక తవ్వకందారు చూసిన స్తూపమని చెప్పాలి. పాత ఇటుకకూ కొత్త ఇటుకకూ భేదం సామాన్య సందర్శకుని కంటికి తేలికగా ఆనదు కనుక ఈ వివేకం మరింత అవసరం.

ఖాళీ పుట కాని కొండ

తరలింపునకు ముందు ఈ కొండ శిఖరం ఖాళీగా లేదు. రెడ్డిరాజుల కాలానికి చెందినదిగా భావించే కోట గోడలు అక్కడ ఉన్నాయి. 3వ శతాబ్దపు బౌద్ధ కట్టడాలు మధ్యయుగపు దుర్గం లోపల నిలవడంతో కాలక్రమం తలకిందులయింది. పాతది కొత్తదాని మీద కూర్చుంది. తాళపత్రంపై ఒక గ్రంథాన్ని చెరిపి అంతకంటే ప్రాచీనమైన గ్రంథాన్ని రాసినట్టు! కొండకు నిజంగా సొంతమైన చరిత్ర ఆ కోటే. సందర్శకుని నడకలో దానికి దక్కేది ప్రహరీ గోడ స్థాయి మాత్రమే.

ఈజిప్టులో 1972–80 మధ్య ఫిలే ఆలయాన్ని అగిల్కియా ద్వీపానికి తరలించినప్పుడు ఆ ద్వీపాన్నే ఫిలే ఆకారానికి దగ్గరగా మలిచారు. అక్కడ నేల సైతం అనువాదమయింది. శ్రీశైలం జలాశయంలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. నివృత్తి సంగమేశ్వరం మాత్రం ఉన్నచోటనే ఉండిపోయి, నీరు తగ్గిన నెలల్లో బయటపడి పూజలందుకొంటుంది. మునక అక్కడ రహస్యం కాలేదు, స్థలకథలో భాగమయింది. నాగార్జునకొండకు లేనిది సరిగ్గా ఇదే. నీటిని దాటి వచ్చిన సందర్శకుడు ఆ నీటినే మరచిపోయేలా ద్వీపం అమరింది.

ఇకపై కట్టవలసినది

తెలంగాణ ఒడ్డున 274 ఎకరాల బుద్ధవనం 2022లో ప్రారంభమయింది. అమరావతి స్తూపాన్ని తలపించే మహాస్తూపం అక్కడ ఉంది. తాను కొత్త నిర్మాణమన్న సంగతిని అది దాచదు. కనుక ద్వీపంపై మరొక స్తూపాన్నో, విగ్రహాన్నో చేర్చడం వృథా. ద్వీపానికి కావలసిన వాస్తుశిల్పం భవనం కాదు, అధోజ్ఞాపిక.

మ్యూజియం లోపల మునిగిన లోయ నమూనా ఒకటి ఉంది. మొత్తం ద్వీపంలో అన్నిటికంటే విలువైన వస్తువు అదేనని చెప్పవచ్చు. కాని అది నాలుగు గోడల మధ్య ఉంది, లోయ బయట ఉంది. ఆ నమూనాను చూసిన చూపుతోనే జలాశయాన్ని చూడగలిగేలా కోట గోడ వెంట కొన్ని దర్శనస్థానాలు ఏర్పరచవచ్చు. ఇటు కోట ఉండేది, అటు పుష్పభద్రస్వామి ఆలయం, ఆ తూర్పున బోధిసిరి చైత్యగృహం అని నేలపై గీతలతో దిక్కు చూపితే చాలు. పెద్ద ఖర్చు ఉండదు, కోటకూ తన పాత్ర దక్కుతుంది. ఇక్ష్వాకుల పేర్లతో పాటు 20వ శతాబ్దంలో ఇళ్లు వదిలి వెళ్లిన పుల్లారెడ్డిగూడెం వంటి పల్లెల పేర్లూ ఆ గీతలపై ఉండాలి. తవ్వకందారులకు దారి చూపిన దిబ్బల పేర్లు ఆ పల్లెల వాడుకలోనివే. చుళధమ్మగిరిగా గుర్తించిన దిబ్బను గ్రామస్థులు నహరాళ్లబోడు అన్నారు. శాసనం ఇచ్చిన పేరూ పల్లె ఇచ్చిన పేరూ ఒకే చోటుకు పాఠాంతరాలు. ఫలకంపై ఒకటి ఉండి రెండోది లేకపోతే పరిష్కరణ సగమే జరిగినట్టు.

స్నానఘట్టం దగ్గర మాత్రం కొత్తగా ఏమీ కట్టనక్కరలేదు. చిన్న కొలను తవ్వి నీరు నింపాలన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. అది గుర్తుపెట్టని పూరణ అవుతుంది. చివరి మెట్టు కింద నేలను అలాగే ఉంచి, నది ఉండిన దిక్కుకు ఒక గీత గీసి వదిలేయాలి.